మందు ఒక్కటే కాదు, మందును కరిగించినదీ ముఖ్యమే: సల్ఫా ఔషధాల పాఠం

2025 అక్టోబరు మొదటి వారంలో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లా పేరు దేశమంతటా వినిపించింది. జలుబు, దగ్గు, జ్వరంతో వైద్యుల వద్దకు వెళ్లిన చిన్నారులకు కొద్దిరోజులలోనే మూత్రం ఆగిపోయింది. మూత్రపిండాలు దెబ్బతిని, ఒకరి తర్వాత ఒకరుగా ప్రాణాలు కోల్పోయారు. మృతుల సంఖ్య ఇరవై దాటింది. వారిలో అత్యధికులు అయిదేళ్లలోపు పిల్లలే. వారికి పట్టిన ‘కోల్డ్‌రిఫ్’ సిరప్ తమిళనాడులోని కాంచీపురం జిల్లాలో తయారైంది. ఆ రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగం నమూనాను పరీక్షించగా అందులో 48.6 శాతం డైఇథైలీన్ గ్లైకాల్ ఉన్నట్లు తేలింది. అనుమతించిన పరిమితి 0.1 శాతం. తెలంగాణ ఔషధ నియంత్రణ యంత్రాంగం కూడా ఆ బ్యాచ్ సిరప్‌ను వాడవద్దని ప్రజలను హెచ్చరించింది.

సిరప్‌లో మందుగా చేర్చిన పారాసిటమాల్, క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ ఈ మరణాలకు కారణం కావు. వాటిని కరిగించేందుకు వాడిన ద్రవమే ప్రాణాలు తీసింది. సరిగ్గా ఇదే రసాయనం, ఇదే తీరులో, 88 ఏళ్ల కిందట అమెరికాలో వంద మందికి పైగా ప్రాణాలను బలిగొంది. నాడు ఆ సీసాలో ఉన్న మందు సల్ఫనిలమైడ్. సల్ఫా ఔషధాల కుటుంబానికి అదే మూలం. ఆ కుటుంబం రసాయనాన్నీ, విషగుణాన్నీ ఒకసారి పరిశీలిస్తే ఛింద్వాడాలో ఏం జరిగిందో, దాన్ని ఎందుకు ఆపలేకపోయామో స్పష్టమవుతుంది.

రంగుల పరిశ్రమ నుంచి వచ్చిన మందు

యాంటీబయాటిక్‌లు ఇంకా అందుబాటులోకి రాని రోజులవి. గొంతునొప్పి ముదిరినా, ప్రసూతి జ్వరం వచ్చినా, చిన్న గాయం చీము పట్టినా ప్రాణం మీదకు వచ్చేది. జర్మనీలో రంగుల తయారీకి పేరొందిన ఐజీ ఫార్బెన్ సంస్థ రసాయనవేత్తలు 1932లో ఒక ఎర్రని రంజకాన్ని రూపొందించారు. స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా సోకిన ఎలుకలను అది కాపాడుతున్నదని అదే సంస్థలో పనిచేస్తున్న గెర్హార్డ్ డోమాక్ గుర్తించారు. ‘ప్రోంటోసిల్’ పేరుతో అది వైద్యరంగంలోకి ప్రవేశించింది. 1935లో డోమాక్ తన ఫలితాలను ప్రచురించారు. 1939లో ఆయనకు నోబెల్ బహుమతి ప్రకటించగా నాజీ ప్రభుత్వం ఒత్తిడి తెచ్చి తిరస్కరింపజేసింది. యుద్ధం ముగిశాక 1947లో మాత్రమే ఆయన పతకం అందుకోగలిగారు.

ప్రోంటోసిల్‌కు ఒక విచిత్ర లక్షణం ఉండేది. పరీక్షనాళికలో బ్యాక్టీరియాపై దాని ప్రభావం కనిపించేది కాదు. శరీరంలోకి వెళితేనే పనిచేసేది. ఆ చిక్కుముడిని 1935 చివరలో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు విప్పారు. శరీరంలో ఆ రంజకం రెండు ముక్కలవుతుంది. ఎర్రని రంగుతో సంబంధం లేని తెల్లని సల్ఫనిలమైడ్ అనే ముక్కే అసలు మందు. ఈ పదార్థాన్ని ఆస్ట్రియా రసాయనవేత్త పాల్ గెల్మో 1908లోనే తయారుచేసి ఉన్నారు. అందువల్ల దానిపై ఎవరికీ కొత్తగా గుత్తహక్కు దక్కే అవకాశం లేకపోయింది. చౌకగా, సులువుగా ఎవరైనా తయారుచేయవచ్చు. రెండేళ్లు తిరిగేసరికి అమెరికాలో అనేక కంపెనీలు దాన్ని అమ్మడం మొదలుపెట్టాయి.

భారతదేశంలోనూ సల్ఫా మందులు దశాబ్దాలపాటు ప్రతి ఆసుపత్రిలో కనిపించాయి. సోవియట్ సహకారంతో 1960లలో హైదరాబాద్‌లో ఐడీపీఎల్ నెలకొల్పిన కృత్రిమ ఔషధాల కర్మాగారం ఉత్పత్తులలో అవీ ఉండేవి.

బ్యాక్టీరియాను మోసగించే అణువు

సల్ఫనిలమైడ్ నిర్మాణం సరళమైనది. ఆరు కార్బన్ పరమాణువుల బెంజీన్ వలయం. దానికి ఒక కొసన అమైన్ సమూహం, ఎదుటి కొసన గంధకంతో కూడిన సల్ఫోనమైడ్ సమూహం. ఈ రెండో కొసన వేర్వేరు ముక్కలను తగిలిస్తే సల్ఫాడయజిన్, సల్ఫామెథాక్సజోల్, సల్ఫాడాక్సిన్ వంటి మందులు తయారవుతాయి.

బ్యాక్టీరియా తన జన్యుపదార్థాన్ని నిర్మించుకోవడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. దాన్ని తనకు తానే తయారుచేసుకుంటుంది. అందుకు పారా అమైనో బెంజోయిక్ ఆమ్లం అనే ముడిసరుకు అవసరం. సల్ఫనిలమైడ్ ఆకారంలో దీన్ని పోలి ఉంటుంది. బ్యాక్టీరియాలోని ఎంజైమ్ అసలు ముడిసరుకు అనుకొని సల్ఫాను పట్టుకుంటుంది. ఫోలిక్ ఆమ్లం తయారీ నిలిచిపోతుంది. బ్యాక్టీరియా వెంటనే చావదు కానీ పెరగలేదు. మిగిలిన పని శరీర రక్షణ వ్యవస్థ పూర్తిచేస్తుంది. ఈ పోటీని 1940లో బ్రిటన్ శాస్త్రవేత్త డొనాల్డ్ వుడ్స్ వెల్లడించారు.

మనిషి శరీరం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసుకోదు. ఆకుకూరలు, పప్పులు వంటి ఆహారం నుంచి గ్రహిస్తుంది. అందువల్ల సల్ఫా అడ్డుకునే ఎంజైమ్ మనలో లేనేలేదు. శత్రువుకు తగిలి మనకు తగలని దెబ్బ అన్నమాట. ఇదే ఫోలిక్ ఆమ్లాన్ని 1940ల మధ్యలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకత్వం వహించినది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కావడం తెలుగువారికి గుర్తుండదగిన విషయం.

కరగని మందు, కరిగించిన విషం

సల్ఫనిలమైడ్‌కు ఒక్క ఇబ్బంది ఉంది: నీటిలో అంతగా కరగదు. మాత్రలుగా, పొడిగా మాత్రమే దొరికేది. మాత్రలు మింగలేని పిల్లల కోసం ద్రవరూపంలో కావాలన్న గిరాకీ 1937లో అమెరికా దక్షిణాది రాష్ట్రాలలో ఏర్పడింది. టెనెసీ రాష్ట్రంలోని బ్రిస్టల్ పట్టణానికి చెందిన మాసెంగిల్ కంపెనీలో ప్రధాన రసాయనవేత్త హెరాల్డ్ వాట్కిన్స్ దానికి పరిష్కారం కనుగొన్నారు. సల్ఫనిలమైడ్ డైఇథైలీన్ గ్లైకాల్‌లో చక్కగా కరిగింది. రాస్ప్‌బెర్రీ రుచి, గులాబీ రంగు చేర్చారు. రంగు, రుచి, వాసన పరీక్షించారు. శరీరానికి హానికరమో కాదో పరీక్షించలేదు. అలా పరీక్షించాలని ఆనాటి చట్టం కోరలేదు కూడా. సీసాలోని ద్రవంలో సుమారు 72 శాతం డైఇథైలీన్ గ్లైకాల్ ఉంది.

ఈ రసాయనం రంగులేనిది, చిక్కనిది, తియ్యనిది. చూడడానికి గ్లిజరిన్‌కూ దీనికీ తేడా తెలియదు. కడుపులోకి వెళ్లాక కాలేయంలో విచ్ఛిన్నమై డైగ్లైకాలిక్ ఆమ్లంగా మారుతుంది. అది మూత్రపిండాల సూక్ష్మనాళికల కణాలలో పేరుకుపోయి, వాటి శక్తి ఉత్పత్తిని దెబ్బతీసి చంపేస్తుంది. మొదట వాంతులు, కడుపునొప్పి. ఒకటి రెండు రోజులలో మూత్రం తగ్గడం, ఆపై పూర్తిగా ఆగిపోవడం. చివరకు నాడీవ్యవస్థ దెబ్బతినడం. ఛింద్వాడా తల్లిదండ్రులు చూసినదీ మూత్రం ఆగిపోవడమే.

1937 సెప్టెంబరులో మందు మార్కెట్‌కు వెళ్లింది. అక్టోబరులో మరణవార్తలు మొదలయ్యాయి. అమెరికా ఆహార, ఔషధ సంస్థ తన వద్ద ఉన్న 239 మంది తనిఖీ అధికారులు, రసాయనవేత్తలలో దాదాపు అందరినీ రంగంలోకి దింపింది. వారు అమ్మకాల రసీదులు, వైద్యుల చీటీలు పట్టుకొని ఇల్లిల్లూ తిరిగారు. తయారైన 240 గ్యాలన్లలో 234 గ్యాలన్లకు పైగా తిరిగి రాబట్టారు. మిగిలిన ఆ కొద్దిపాటి ద్రవమే వంద మందికి పైగా ప్రాణాలు తీసింది. మృతులలో పిల్లలు అనేకులు.

శిక్ష పడింది ఒక పదానికి

ఆ మరణాలకు కంపెనీపై పెట్టగలిగిన కేసు ఏమిటో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. మందుకు ‘ఎలిక్సర్’ అని పేరు పెట్టారు. ఆ మాటకు ఔషధ పరిభాషలో ఆల్కహాల్‌తో చేసిన ద్రావణం అని అర్థం. సీసాలో ఆల్కహాల్ లేదు. కాబట్టి పేరు తప్పు. 1906 నాటి చట్టం కింద అధికారులకు దొరికిన ఆధారం అదొక్కటే. సీసాపై ‘ద్రావణం’ అని రాసి ఉంటే ఆ సరకును స్వాధీనం చేసుకునే అధికారం కూడా వారికి ఉండేది కాదు. ప్రాణాలు పోయినందుకు కాదు, పదం తప్పినందుకు జరిమానా పడింది.

ప్రజాగ్రహం ఫలితంగా 1938 జూన్‌లో అమెరికాలో కొత్త ఆహార, ఔషధ చట్టం వచ్చింది. కొత్త మందును అమ్మేముందు అది సురక్షితమని నిరూపించే బాధ్యతను ఆ చట్టం కంపెనీపై పెట్టింది. మందు అంటే సీసాపై రాసిన అణువు ఒక్కటే కాదని, సీసాలోని యావత్తు పదార్థమని గుర్తించడమే ఆ చట్టం సారాంశం. షికాగో విశ్వవిద్యాలయంలో డైఇథైలీన్ గ్లైకాల్‌ను జంతువులపై పరీక్షించిన బృందంలో ఫ్రాన్సిస్ కెల్సీ అనే విద్యార్థిని ఉన్నారు. 1960 నుంచి థాలిడోమైడ్ మందుకు అమెరికాలో అనుమతి ఇవ్వకుండా పట్టుబట్టి నిలిచిన అధికారిణి ఆమెయే.

మందులోనే ఉన్న హాని

దీన్నిబట్టి సల్ఫా నిర్దోషి అని అర్థం చేసుకోరాదు. ఆ అణువుకు తనదైన విషగుణం ఉంది. అందులో మొదటిది మళ్లీ కరగకపోవడమే. పాతతరం సల్ఫాలను కాలేయం ఎసిటైల్ సమూహం చేర్చి మార్చేది. అలా మారిన పదార్థం ఇంకా తక్కువగా కరిగేది. మూత్రంలో, ముఖ్యంగా ఆమ్లత ఎక్కువగా ఉన్నప్పుడు, స్ఫటికాలుగా పేరుకొని మూత్రనాళాన్ని మూసేసేది. నీళ్లు బాగా తాగమని, తినేసోడా వాడమని వైద్యులు చెప్పేవారు. మూడు వేర్వేరు సల్ఫాలను తక్కువ మోతాదుల్లో కలిపి ఇచ్చే పద్ధతీ వచ్చింది. ఒకదాని ఉనికి మరొకదాని కరిగే గుణాన్ని తగ్గించదు కాబట్టి స్ఫటికాల ముప్పు తగ్గేది.

రెండోది నవజాత శిశువులకు సంబంధించినది. పసిపిల్లల రక్తంలోని బిలిరుబిన్ అనే పసుపు పదార్థం అల్బుమిన్ ప్రొటీన్‌ను పట్టుకొని ఉంటుంది. సల్ఫా దాన్ని పక్కకు నెట్టి ఆ చోటు ఆక్రమిస్తుంది. విడిపోయిన బిలిరుబిన్ మెదడులోకి చేరి శాశ్వత నష్టం కలిగిస్తుంది. నెలలు నిండని శిశువులపై జరిపి 1956లో ప్రచురించిన ఒక అధ్యయనంలో సల్ఫా ఇచ్చిన వర్గంలో మరణాలు ఎక్కువగా కనిపించాకే ఈ ప్రమాదం బయటపడింది.

మూడోది అందరికీ తెలిసిన ‘సల్ఫా పడకపోవడం’. బెంజీన్ వలయానికి నేరుగా అతుక్కున్న అమైన్ సమూహం కాలేయంలో ఆక్సీకరణ చెంది చురుకైన పదార్థాలుగా మారుతుంది. అవి శరీర ప్రొటీన్లకు అంటుకున్నప్పుడు కొందరి రక్షణ వ్యవస్థ వాటిని శత్రువుగా భావిస్తుంది. చాలామందిలో ఇది దద్దుర్లతో ఆగుతుంది. అరుదుగా చర్మం, నోరు, కళ్లు బొబ్బలెక్కి ఊడిపోయే స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్‌గా మారి ప్రాణాంతకమవుతుంది. జ్వరంతోపాటు దద్దుర్లు, నోటిలో పుండ్లు కనిపిస్తే తక్షణమే మందు ఆపి ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక్కడ మాటల గందరగోళం ఒకటి ఉంది. సల్ఫా, సల్ఫర్, సల్ఫేట్, సల్ఫైట్ అనే నాలుగు పదాలూ చెవికి ఒకేలా వినిపిస్తాయి. రసాయనంగా నాలుగూ వేర్వేరు. సల్ఫా యాంటీబయాటిక్ పడనంత మాత్రాన గంధకమున్న ప్రతిదీ పడదని కాదు. ఫ్యూరోసెమైడ్ వంటి మూత్రం జారీచేసే మందులలో సల్ఫోనమైడ్ సమూహం ఉన్నా, అలర్జీకి కారణమయ్యే ఆ అమైన్ సమూహం లేదు. అందువల్ల రోగి ‘సల్ఫా పడదు’ అని మాత్రమే చెప్పక, ఏ మందు వాడితే ఏం జరిగిందో వైద్యుడికి వివరంగా చెప్పడం మేలు.

ఇన్ని లోపాలున్నా సల్ఫాలు మరుగునపడలేదు. హెచ్‌ఐవీ రోగులకు ఇన్‌ఫెక్షన్ల నుంచి రక్షణగా కోట్రైమోక్సజోల్, కాలిన గాయాలకు సిల్వర్ సల్ఫాడయజిన్, మలేరియా చికిత్సలో సల్ఫాడాక్సిన్ నేటికీ వాడుకలో ఉన్నాయి. వాటి దగ్గరి బంధువైన డాప్సోన్ కుష్ఠు చికిత్సలో భాగం.

తప్పని హాని, తప్పించదగిన హాని

సల్ఫా కథలో రెండు రకాల హాని పక్కపక్కనే కనిపిస్తుంది. స్ఫటికాలు, కామెర్లు, దద్దుర్లు అణువు స్వభావంలోనే ఉన్నవి. వాటిని పూర్తిగా తొలగించలేం. కానీ తెలుసుకొని, మోతాదు సరిచూసి, ఎవరికి ఇవ్వకూడదో నిర్ణయించి అదుపులో ఉంచగలం. రెండోది సీసాలోకి బయటి నుంచి వచ్చినది. దానికి వైద్యపరమైన ప్రయోజనం ఏదీ లేదు. ఒక్క పరీక్షతో దాన్ని పూర్తిగా నివారించవచ్చు. విచారకరమైన సంగతేమిటంటే, వైద్యశాస్త్రం మొదటి హానిని చాలావరకు అదుపు చేయగలిగింది. పరిపాలన రెండో హానిని నివారించలేకపోయింది.

భారతదేశ అనుభవం చూద్దాం. 1986లో ముంబయిలోని జేజే ఆసుపత్రిలో కలుషిత గ్లిజరిన్ వల్ల రోగులు మరణించగా లెంటిన్ కమిషన్ విచారణ జరిపింది. 1998లో గురుగ్రామ్, ఢిల్లీ పరిసరాలలో 33 మంది పిల్లలు బలయ్యారు. 2019-20 శీతకాలంలో జమ్మూ ప్రాంతంలోని రామ్‌నగర్‌లో పది మందికి పైగా చిన్నారులు చనిపోయారు. 2022లో ఆఫ్రికా దేశం గాంబియాలో సుమారు 70 మంది పిల్లల మరణాలకు మన దేశంలో తయారైన సిరప్‌లతో సంబంధం ఉన్నట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. అదే ఏడాది చివరలో ఉజ్బెకిస్తాన్‌లోనూ అదే విషాదం. అన్నిటిలోనూ డైఇథైలీన్ గ్లైకాల్ గానీ, దాని సోదర రసాయనం ఇథైలీన్ గ్లైకాల్ గానీ కనిపించింది.

కారణం 1937లో ఉన్నదే. పారాసిటమాల్ కూడా నీటిలో తక్కువగా కరుగుతుంది. సిరప్ చేయాలంటే ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, సార్బిటాల్ వంటివి కావాలి. వీటిలో ఔషధ ప్రమాణాలకు తగినవి ఖరీదైనవి. పరిశ్రమల కోసం తయారయ్యేవి చౌక. పీపా ఒక దళారి నుంచి మరొకరికి చేతులు మారే క్రమంలో కల్తీ జరిగినా, పీపాలు మారినా తయారీదారుకు కంటితో చూసి తెలుసుకునే మార్గం లేదు. పరీక్షించడమొక్కటే మార్గం. వాట్కిన్స్‌కు చట్టం ఆ పరీక్షను విధించలేదు. మన తయారీదారులకు విధించింది.

నియమం ఉంది, నిఘా లేదు

1940 నాటి మన ఔషధ చట్టం కింద రూపొందిన నిబంధనలు ప్రతి బ్యాచ్ ముడిపదార్థాన్నీ, తయారైన మందునూ పరీక్షించాలని ఎప్పటినుంచో చెబుతున్నాయి. కల్తీ మందు వల్ల మరణం సంభవిస్తే పదేళ్లకు తగ్గకుండా యావజ్జీవం దాకా జైలుశిక్ష విధించేలా 2008లో చట్టాన్ని సవరించారు. అంటే కొరత చట్టానిది కాదు. పరీక్ష నిజంగా జరిగిందో లేదో చూసే కళ్లకు.

గాంబియా ఘటన తర్వాత కేంద్రం ఒక చర్య తీసుకుంది. 2023 జూన్ 1 నుంచి విదేశాలకు ఎగుమతి చేసే దగ్గు సిరప్‌లకు ప్రభుత్వ ప్రయోగశాల పరీక్షా ధ్రువపత్రం తప్పనిసరి. దేశంలో అమ్మే సిరప్‌లకు ఆ నిబంధన వర్తించలేదు. పరాయి దేశపు బిడ్డ తాగే సీసాకు ప్రభుత్వ ముద్ర, మన బిడ్డ తాగే సీసాకు తయారీదారు హామీ! ఛింద్వాడా విషాదానికి రెండేళ్ల ముందే కనిపించిన ఈ వ్యత్యాసాన్ని ఎవరూ సవరించలేదు. కోల్డ్‌రిఫ్‌లోని మిశ్రమాన్ని నాలుగేళ్లలోపు పిల్లలకు వాడరాదని సీసాలపై ముద్రించాలంటూ 2023 డిసెంబరులో ఇచ్చిన ఆదేశం కూడా క్షేత్రస్థాయికి చేరలేదనడానికి పిల్లల వయసులే సాక్ష్యం.

మందుల తయారీకి లైసెన్సులిచ్చేదీ, తనిఖీలు చేసేదీ ప్రధానంగా రాష్ట్రాలు. ఒక రాష్ట్రంలో తయారైన సీసా మరో రాష్ట్రంలో ప్రాణం తీస్తే బాధ్యత రెండింటి మధ్య చెదిరిపోతుంది. 2025 అక్టోబరులో కేంద్ర ఔషధ నియంత్రణాధికారి రాష్ట్రాలకు లేఖ రాసి, విడుదలకు ముందే ముడిపదార్థాలనూ సిరప్‌లనూ పరీక్షించేలా చూడాలని ఆదేశించారు. ఆ పరీక్షకు ఖరీదైన యంత్రాలే అక్కర్లేదు. పలుచని పొర మీద రసాయనాలను వేరుచేసే టీఎల్‌సీ పద్ధతితో అనుమానిత నమూనాను తొలిదశలో చౌకగా పసిగట్టి, ఆపై గ్యాస్ క్రొమటోగ్రఫీతో నిర్ధారించవచ్చు.

చేయవలసినవి మూడు. ఎగుమతి సిరప్‌లకు ఉన్న నిబంధనను దేశీయ అమ్మకాలకూ వర్తింపజేయాలి. పీపా తయారైన చోటు నుంచి సీసాలోకి చేరేవరకు ద్రావణి ప్రయాణాన్ని నమోదు చేయాలి. పరీక్షా నివేదికలను ప్రజలు చూడగలిగేలా ఉంచాలి. తల్లిదండ్రులకూ ఒక మాట: రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు వద్దని, అయిదేళ్లలోపు వారికి సాధారణంగా అవసరం లేదని కేంద్ర ఆరోగ్య శాఖ 2025 అక్టోబరులో స్పష్టం చేసింది. పిల్లల్లో దగ్గు చాలావరకు తనంతట తానే తగ్గుతుంది. మందు వాడాక మూత్రం తగ్గితే ఒక్కరోజు కూడా ఆగకూడదు. ఏ మందు వికటించినా 1800-180-3024 నంబరుకు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు.

1937లో అమెరికా అధికారులు ఊరూరా తిరిగి సీసాలు వెనక్కి తెచ్చారు; మరుసటి ఏడాదికి చట్టం మార్చారు. మనకు చట్టం మార్చాల్సిన పని కూడా అంతగా లేదు. ఉన్న నియమాన్ని పీపా మూత తీసిన ప్రతిసారీ అమలు చేస్తే చాలు. ఛింద్వాడాకు చేరిన పీపా విషయంలో ఆ ఒక్క పనే జరగలేదు.